సంక్రాంతి టోర్నీకి ఫ్యాంటసీ లీగ్ పెడుతున్నారా? ముందే తెలిసినవాణ్ణి బయట కూర్చోబెట్టండి

కావలి చుట్టుపక్కల సంక్రాంతి వచ్చిందంటే టెన్నిస్ బాల్ టోర్నీలు మొదలవుతాయి. ఈమధ్య వాటితోపాటు వాట్సాప్ గ్రూపుల్లో ఫ్యాంటసీ లీగులు కూడా నడుపుతున్నారు. మ్యాచ్ ఆడేవాళ్ళలోంచి పదకొండు మందిని ఎంచుకోవాలి, వాళ్ళు గ్రౌండ్‌లో ఆడినదాన్నిబట్టి మనకి పాయింట్లు, కెప్టెన్‌కి రెండింతలు, వైస్ కెప్టెన్‌కి ఒకటిన్నర రెట్లు, ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నవాడు ఆ ఏటికి మొనగాడు. నేను మామూలు రోజుల్లో రొయ్యల మేత డీలరు దగ్గర లెక్కలు రాస్తాను, పండగకి గ్రౌండ్‌లో స్కోరు రాస్తాను. లీగ్‌లో గొడవ ఎక్కడ మొదలవుతుందో స్కోరు బల్ల దగ్గర కూర్చుంటే బాగా కనిపిస్తుంది. నూటికి తొంభై గొడవలకి మూలం ఒకటే మాట: "వాడికి ముందే తెలుసన్నా!" ఆ మాట పడకుండా లీగ్ నడపాలంటే ఏం చేయాలో చెబుతాను.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఎంట్రీ ఫీజు యాభై రూపాయలైనా వద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రంలో 2020 సెప్టెంబరులోనే గేమింగ్ చట్టాన్ని సవరించి నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం దేశమంతటా ఆపేసింది, అది నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా కూడా చూడలేదు. డ్రీమ్11 అంతటి ఫ్యాంటసీ యాప్ కూడా డబ్బు పోటీలు మూసేసి ఉచిత ఆటకి మారింది. మా దగ్గర గెలిచినవాడికి ఒక కేజీ నెల్లూరు మలై కాజా. టోర్నీ పెట్టిన పెద్దాయన సొంత ఖర్చుతో తెప్పిస్తాడు, ఆడేవాళ్ళ దగ్గర పైసా తీసుకోం.

"డబ్బే లేనప్పుడు ఎవడికి ఏం తెలిస్తే ఏంది సామీ?" అని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళకి ఇంగ్లండ్ ముచ్చట చెప్పండి. అక్కడి ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ ఫ్యాంటసీ ఉచితమే, కోట్లాది రూపాయలేం చేతులు మారవు. 2021 ఫిబ్రవరిలో ఆస్టన్ విల్లా కెప్టెన్ జాక్ గ్రీలిష్‌కి గాయమైంది. క్లబ్బు ఆ సంగతి బయటపెట్టకముందే అదే క్లబ్బు ఆటగాళ్ళు, సిబ్బందిలో కొందరు తమ ఫ్యాంటసీ జట్లలోంచి ఆయన్ని తీసేశారు. జనం అది కనిపెట్టేశారు, లీస్టర్‌తో మ్యాచ్‌కి ముందే వార్త పాకిపోయింది. ఆయన ఆడలేదు, విల్లా 2-1తో ఓడింది. సరదా ఆటలోంచి సొంత జట్టు గుట్టు ఎదుటి జట్టుకి చేరింది. మన టోర్నీలో కూడా ఒక జట్టువాళ్ళు తమ ఓపెనర్‌నే ఫ్యాంటసీలో వదిలేశారంటే అవతలివాళ్ళకి అర్థం కాదా?

కాబట్టి మొదటి పని, ఎవరెవరు ఆడకూడదో పేర్లతో సహా రాసి గ్రూపులో పెట్టడం. అంపైర్లు, స్కోరర్లు, టీమ్‌లు పంపే గూగుల్ ఫారం చూసే అడ్మిన్ మొత్తం లీగ్‌కే దూరంగా ఉండాలి. టోర్నీలో ఆడే కుర్రాళ్ళు తమ జట్టు ఉన్న మ్యాచ్‌కి టీమ్ పెట్టకూడదు, మిగతా మ్యాచ్‌లకి పెట్టుకోవచ్చు. కుర్రాళ్ళు గింజుకుంటారు. గింజుకోనీయండి. తన ఫ్యాంటసీ కెప్టెన్ ఎదుటి జట్టు బౌలరైతే, వాడి బంతికి వీడు క్యాచ్ ఇచ్చాడంటే మంచి బంతి పడినా ఎవరూ నమ్మరు.

తెలివికీ, లోపలి సమాచారానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఎక్కువ తకరారు పడే చోటు. తుమ్మలపెంట వైపు గ్రౌండ్‌లో మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి అడ్డంగా తోస్తుంది, ఒకవైపు కొట్టిన బంతి తేలిపోతుంది. అది పోయి చూసినవాడికెవడికైనా తెలుస్తుంది, దాన్నిబట్టి టీమ్ పెట్టుకున్నవాడిది తెలివే. ఫలానా బౌలరు నిన్న రాత్రి బండి మీంచి పడి మోచేయి కొట్టుకున్నాడని వాళ్ళ బావమరిదికి మాత్రమే తెలిస్తే, అది లోపలి సమాచారం. మేం పెట్టుకున్న పద్ధతి ఇది: అలాంటిది తెలిసినవాడు గ్రూపులో చెప్పి ఆడాలి, లేదంటే ఆ మ్యాచ్ వదిలేయాలి. అందరూ పాటిస్తారని నేనేం అనుకోవడం లేదు. అందుకే మనుషుల నిజాయితీ మీదకంటే, ఆ సమాచారానికి విలువ తగ్గించే ఏర్పాటు మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఆ ఏర్పాటు రెండు రకాలు. ఒకటి, ప్రతి టీమ్‌లో పదకొండు మందితోపాటు ఇద్దరు బెంచి ఆటగాళ్ళని వరుసగా రాయించండి. ఎంచుకున్నవాడు దిగకపోతే బెంచిలో మొదటివాడు తనంతట తనే లోపలికొస్తాడు. ప్రీమియర్ లీగ్ ఫ్యాంటసీలో ఉన్న పద్ధతే ఇది. దీనితో మోచేయి సంగతి ముందే తెలిసినవాడికి వచ్చే లాభం చాలావరకు పోతుంది. రెండోది తాళం వేసే సమయం, అంటే అది దాటితే టీమ్ మార్చడానికి వీల్లేదు. పెద్ద మ్యాచ్‌ల్లో టాస్ ఆటకి అరగంట ముందు పడుతుంది, జట్లు తెలిశాక కూడా మార్చుకోవడానికి వ్యవధి ఉంటుంది. మన దగ్గర టాస్ పడేసరికి ఒకడు ఇంకా బిట్రగుంట దగ్గర బస్సులో ఉంటాడు. అందుకని టాస్ కాగానే స్కోరుబుక్కులో రాసిన రెండు జట్ల పేర్లు ఫొటో తీసి గ్రూపులో పెట్టండి, అక్కణ్ణించి పదిహేను నిమిషాలకి ఫారం మూసేయండి, ఆ తర్వాతే మొదటి బంతి. ఈ పదిహేను నిమిషాలకి అంపైరు చేత ముందే ఒప్పించుకోండి. "మొదటి బంతి పడేదాకా మార్చుకోవచ్చు" అన్న షరతు మాత్రం వద్దు. యూట్యూబ్ లైవ్ గ్రౌండ్‌కంటే కొన్ని సెకన్లు వెనక ఉంటుంది, ఒక్కోసారి అరనిమిషం కూడా. గట్టు మీద కూర్చున్నవాడు వికెట్ పడటం చూసి టీమ్ మార్చేస్తే, దుబాయ్‌లో ఫోన్ పట్టుకున్న మనవాడు ఇంకా రన్నప్ చూస్తుంటాడు.

గూగుల్ ఫారంలో చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒకరికి ఒకే జవాబు అన్నది ఆన్ చేయండి. జవాబుల సారాంశం ఆడేవాళ్ళకి కనిపించే ఆప్షన్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. జవాబులు చేరే షీట్‌లో టైమ్ జోన్ భారతదేశానిదే ఉండాలి, లేకపోతే ఎవరు ఎప్పుడు పంపారన్న గడియారం తప్పు చూపించి కొత్త రగడ మొదలవుతుంది. వాట్సాప్‌లో టీమ్‌లు తీసుకోవద్దు, పంపిన మెసేజ్‌ని పదిహేను నిమిషాలదాకా ఎడిట్ చేయొచ్చు.

ఇప్పుడు అడ్మిన్ సంగతి. వీణ్ణి ఎందుకు ఆడనివ్వకూడదో అమెరికాలో 2015లో తేలింది. డ్రాఫ్ట్‌కింగ్స్ అనే ఫ్యాంటసీ కంపెనీ ఉద్యోగి ఒకడు, ఏ ఆటగాణ్ణి ఎంత శాతం మంది ఎంచుకున్నారో చూపే వివరాలు పొరపాటున ముందుగానే బయటపెట్టాడు. అదే వారం అతను పోటీ కంపెనీ ఫ్యాన్‌డ్యుయెల్‌లో ఆడి మూడున్నర లక్షల డాలర్లు గెలిచాడని బయటపడింది. ఆ శాతాలకి అంత విలువెందుకంటే, వందమంది ఆడేచోట అరవైమంది ఒకణ్ణే కెప్టెన్ చేశారనుకోండి, వాడు బాగా ఆడితే అరవైమందీ కలిసి పైకి లేస్తారు, మీకు ఒరిగేది తక్కువ. వాడు డకౌట్ అయితే మాత్రం వేరేవాణ్ణి పెట్టుకున్నవాడు ఒక్కసారిగా పైకొస్తాడు. గుంపు ఎటు పోతోందో తెలిసినవాడికి, ఎవరు బాగా ఆడతారో తెలియకపోయినా లాభమే. కంపెనీ పెట్టించిన విచారణలో, ఆ వివరాలు అతని చేతికొచ్చింది ఫ్యాన్‌డ్యుయెల్ టీమ్‌లకి తాళం పడ్డాకేనని తేల్చారు. అయినా జనానికి నమ్మకం కుదరలేదు, న్యూయార్క్ అటార్నీ జనరల్ విచారణ మొదలుపెట్టాడు, రెండు కంపెనీలూ తమ ఉద్యోగుల్ని డబ్బు ఫ్యాంటసీ ఆడకుండా కట్టడి చేశాయి. తప్పు చేయనివాడి మీదే ఇంత రగడ అయితే, మన గ్రూపులో జవాబుల షీట్ తెరిచి చూసుకుంటూ తన టీమ్ కూడా పెట్టే అడ్మిన్‌ని ఎవరు నమ్ముతారు?

ఆటగాళ్ళకి క్రెడిట్లు, అంటే టీమ్‌లోకి తీసుకోవడానికి పెట్టే ఉత్తుత్తి ధరలు, కట్టేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. కిందటేడు స్కోరుబుక్కుని బట్టి లెక్కకట్టండి, కొత్తవాళ్ళందరికీ ఒకటే మధ్యరకం ధర, అంతా ముందురోజు సాయంత్రమే గ్రూపులో పెట్టేయాలి. లేకపోతే ఒంగోలు నుంచి కొత్తగా తెచ్చిన చిచ్చరపిడుగు ఒకడు చవగ్గా దొరుకుతాడు, వాణ్ణి తెచ్చినవాళ్ళ స్నేహితులందరి టీముల్లో కనిపిస్తాడు.

ఇక స్కోరు. నేను ఆడను, కానీ పాయింట్లు పడేది నా పెన్ను కిందనుంచే. ప్యాడ్‌కి తగిలి పోయిన బంతి లెగ్‌బైనా, బ్యాట్ అంచు పరుగా? గుంపులో పట్టిన క్యాచ్ ఎవరి ఖాతాలోకి? రనౌట్‌లో విసిరినవాడికా, వికెట్లు పడగొట్టినవాడికా? మామూలు మ్యాచ్‌లో వీటిని ఎవరూ పట్టించుకోరు, జట్టు స్కోరు మారదు కదా. ఫ్యాంటసీలో ఇవే గెలుపోటములు. అందుకని ఇద్దరు స్కోరర్లని పెట్టండి, రెండు వైపుల మనుషులు. లెగ్‌బైకి అంపైరు సైగ చేశాడా లేదా అన్నదే ఆధారం. రనౌట్ పాయింట్లు ఇద్దరికీ సగం సగం పంచేయండి, నేరుగా తగిలితే విసిరినవాడికే మొత్తం. ఇన్నింగ్స్ అయ్యాక రెండు బుక్కులూ సరిచూసి సంతకాలు పెట్టిన తర్వాత, ఎవరెంత అరిచినా అంకె మార్చొద్దు. అరుస్తారు. టీ ఇప్పించండి.

ఒక మనిషికి ఒకే టీమ్. అమెరికాలో 2015 బేస్‌బాల్ సీజన్ మొదటి సగంలో డబ్బు ఫ్యాంటసీ ఆడేవాళ్ళకి వచ్చిన లాభాల్లో 91 శాతం 1.3 శాతం మందికే పోయిందని ఒక విశ్లేషణలో తేలింది. ఒక్కొక్కరు కంప్యూటర్ సాయంతో కుప్పలు తెప్పలుగా టీమ్‌లు దించేవాళ్ళు. మన దగ్గర కంప్యూటర్లు అక్కర్లేదు, ఇంట్లో ఉన్న ఫోన్లు చాలు. క్రికెట్ అంటే ఏందో తెలియని అవ్వ పేరు మీద టీమ్ వచ్చి అది మూడో స్థానంలో ఉంటే, మనవణ్ణి పిలిచి అడగండి.

టెలిగ్రామ్‌లో "పక్కా టీమ్" అమ్మేవాళ్ళ లింకులు గ్రూపులోకి రానీయకండి. పది గుంపులకి పది రకాల టీమ్‌లు పంపి, తగిలిన ఒక్కదాని స్క్రీన్‌షాట్ మర్నాడు చూపించడమే వాళ్ళ విద్య. 2020 జూన్‌లో అయితే ఏకంగా మ్యాచే దొంగది. శ్రీలంకలో ఊవా టీ20 లీగ్ అని ఆన్‌లైన్‌లో చూపించింది పంజాబ్‌లో చండీగఢ్ దగ్గర సవారా అనే ఊళ్ళో ఆడించినది.

వర్షం వచ్చినా, చీకటి పడినా, రెండు జట్లు కొట్టుకున్నా మ్యాచ్ ఆగిపోతే, ఆ మ్యాచ్ పాయింట్లు ఎవరికీ వేయకండి. ఫైనలే ఆగిపోతే సెమీస్ దాకా వచ్చిన పట్టికే ఖాయం, సమానంగా ఉన్నవాళ్ళు కాజాలు పంచుకోవాలి. ఈ షరతు కూడా క్రెడిట్ల జాబితాతోపాటే ముందురోజు సాయంత్రం పెట్టేయండి.