న్యూరల్ కంప్యుటేషన్‌లో ప్రొఫెసర్ అవ్వాలా? ముందు ఒక్క న్యూరాన్ చేయండి

ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కౌన్సెలింగ్ మొదలైతే చాలు, మా కూకట్‌పల్లి కాలనీలో ఎవరో ఒకరు "అన్నా, మెదడు మీద రీసెర్చ్‌కి ఏ బ్రాంచ్ తీసుకోవాలి?" అని అడుగుతారు. న్యూరల్ కంప్యుటేషన్, అంటే మెదడు ఎలా లెక్కలు చేస్తుందో గణితంతో, కోడ్‌తో పట్టుకునే రంగం, దానికి బ్రాంచ్ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. ఈసీఈ, సీఎస్‌ఈ, బయోమెడికల్ ఏదైనా నడుస్తుంది, కానీ లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, ప్రాబబిలిటీ ఈ మూడింటినీ పరీక్ష ముందు రాత్రి బట్టీ కొట్టి తెల్లారి మర్చిపోతే నడవదు.

స్టాన్‌ఫోర్డ్‌లో బయో ఇంజినీరింగ్ ప్రొఫెసర్ క్వబేనా బోహెన్‌నే చూడండి. ఘనాలో పుట్టారు, మొదట చదివింది ఎలక్ట్రికల్, తర్వాత కాల్‌టెక్‌లో కార్వర్ మీడ్ దగ్గర పీహెచ్‌డీ. ఆయన బృందం చేసిన న్యూరోగ్రిడ్ అనే, మెదడును అనుకరించే బోర్డు 16 చిప్‌లతో 10 లక్షల న్యూరాన్లను (నరాల కణాల నమూనాలను) 3 వాట్లలో నడిపింది. మన పాత జీరో బల్బే 15 వాట్లు తాగేది!

సరే, మీ పని. పైథాన్ తెరిచి ఒక్క న్యూరాన్ రాయండి. చిల్లి కుండలో నీళ్లు పోస్తున్నారనుకోండి, కొంత కారిపోతుంటుంది, కారేదానికంటే ఎక్కువ పోస్తే మట్టం పెరిగి అంచు దాకా వస్తుంది, అప్పుడు కుండ ఒక్కసారిగా ఖాళీ అయిపోయి మళ్లీ మొదలు. న్యూరాన్ స్పైక్‌కి, అంటే అది ఒక్కసారిగా కొట్టే కరెంటు పల్స్‌కి, అతి సులువైన మోడళ్లలో ఇదొకటి. ఇక్కడ మట్టం అంటే న్యూరాన్ వోల్టేజ్: మామూలు మట్టం మైనస్ 70 మిల్లీవోల్టులు, అంచు మైనస్ 50, కారే వేగానికి టైమ్ కాన్‌స్టెంట్ 20 మిల్లీసెకన్లు. మీరిచ్చే కరెంట్ మట్టాన్ని సరిగ్గా 20 మిల్లీవోల్టులే పెంచగలిగితే అది అంచు దగ్గరికి వస్తూనే ఉంటుంది కానీ ఎప్పటికీ దాటదు. 25కి పెంచండి, సుమారు 32 మిల్లీసెకన్లకొకసారి స్పైక్ వస్తుంది. 30 అయితే 22కి ఒకటి. ఈ అంకెలు ఎందుకలా వచ్చాయో కాగితం మీద లెక్క కట్టి చూసుకోండి, కోడ్ నడిచిందని సంబరపడి వదిలేయకండి (నేను అలాగే వదిలేసి, తర్వాత ఒక ఇంటర్వ్యూలో నోరెళ్లబెట్టాను). అది వచ్చాక హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో స్క్విడ్ నరం మీద రాసిన నాలుగు ఈక్వేషన్లకి వెళ్లండి.

చేతికి పని కావాలంటే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక ఆర్డుయినో, ఏడీ8232 మాడ్యూల్ అడగండి. అది ఈసీజీ కోసం చేసిందే, అయినా ఎలక్ట్రోడ్లు ముంజేతికి అంటించి పిడికిలి బిగిస్తే కండరాల కరెంటుకి తెరమీద గీత ఎగిరిపడుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ మాత్రం పీకేయండి, బ్యాటరీ మీదే నడపాలి. ఇది భద్రత కోసం, పైగా కరెంటు లైన్ గోల కూడా తగ్గుతుంది.

ఇక కాలం సంగతి. బీటెక్ 4 ఏళ్లు, పీహెచ్‌డీ 5-6, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక రీసెర్చ్ ఉద్యోగం) ఇంకో 2-4. అసిస్టెంట్ ప్రొఫెసర్ అయ్యేసరికి ముప్పై దాటతారు, అమెరికాలో ఐతే పర్మనెంట్ అవడానికి ఇంకో ఆరేళ్లు. ఈలోగా సాఫ్ట్‌వేర్‌లో చేరిన క్లాస్‌మేట్ గచ్చిబౌలిలో ఫ్లాట్ కొంటాడు, గృహప్రవేశానికి మిమ్మల్నీ పిలుస్తాడు. అది తట్టుకోగలరా అని ముందే ఆలోచించుకోండి. ఇంట్లోవాళ్లకి చెప్పాల్సింది ఒకటుంది: అమెరికాలో బీటెక్ నుంచి నేరుగా పీహెచ్‌డీకి అప్లై చేయొచ్చు, సీటొస్తే సాధారణంగా ఫీజు వాళ్లే కట్టి నెలనెలా స్టైపెండ్ ఇస్తారు, కాబట్టి ఇల్లు తాకట్టు పెట్టి ఎంఎస్‌కి పోనక్కర్లేదు.

అంతకంటే ముందు, మన హైదరాబాద్‌లోనే ట్రిపుల్ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది, కందిలోని ఐఐటీలో బయోమెడికల్ విభాగం ఉంది. ఇంటర్న్‌షిప్ అడుగుతూ మెయిల్ రాసేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్, ఐయామ్ వెరీ ప్యాషనేట్" అని ఆ ఒకే మెయిల్ యాభై మందికి పంపకండి. ఆ ప్రొఫెసర్ రీసెర్చ్ పేపర్ ఒకటి చదివి, అందులో ఒక గ్రాఫ్ మళ్లీ మీరే గీసి, ఎక్కడ తేడా వచ్చిందో నాలుగు లైన్లలో అడగండి. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒక్కసారి గుర్తుచేయండి, అప్పటికీ రాకపోతే ఇంకొకరి పేపర్ తీయండి.