గాజు సీసాలకి క్రోషియా తొడుగు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

కాఫీ పొడి సీసాలు, జామ్ సీసాలు, పచ్చడి సీసాలు ఖాళీ అవగానే పాత సామాన్లలో వేసేయకండి, వాటికి క్రోషియాతో, అంటే కొనకి కొక్కెం ఉన్న సూదితో, నూలుదారం తొడుగు ఒకటి అల్లితే పోపు గింజలకో, సూదీ దారాలకో, టేబుల్ మీద నాలుగు పూలు పెట్టుకోవడానికో ఏళ్ల తరబడి పనికొస్తాయి. అల్లేవాళ్లు తరచూ చెప్పే ఇబ్బందులు, వాటికి మందు ఇక్కడ రాస్తున్నాను.

తొడుగు కిందికి జారిపోతోంది

అందరికీ ఎదురయ్యేది ఇదే. సీసా చుట్టుకొలత టేపుతో చూసి సరిగ్గా అంతే అల్లుతాం, నూలు అల్లిక వాడేకొద్దీ సాగుతుంది, గాజేమో నున్నగా ఉంటుంది, ఇంక పట్టు ఎక్కడ దొరుకుతుంది? అందుకే ఒక సెంటీమీటరు తక్కువ అల్లండి, అంటే చుట్టుకొలత 25 సెంటీమీటర్లుంటే తొడుగు 24. కొంచెం లాగి ఎక్కించాల్సి రావాలి, అప్పుడే నిలుస్తుంది. ఇప్పటికే అల్లేసి ఉంటే విప్పక్కర్లేదు. పై వరసలో ఒక కుట్టు వదిలి ఒక కుట్టులోంచి చెయిన్ కుట్లతో అల్లిన తాడు దూర్చి సీసా మెడ దగ్గర బిగించి ముడి వేయండి, చూడ్డానికీ బాగుంటుంది. ఇంకో సంగతి, సీసా మీద లేబుల్ జిగురు తీయడానికి రాసిన నూనె మిగిలినా తొడుగు జారుతుంది.

అడుగు చదునుగా రావట్లేదు

అంచులు పైకి లేస్తుంటే కుట్లు తక్కువ పడుతున్నాయి, నూనెలో వేసిన అప్పడంలా అలలు తిరుగుతుంటే ఎక్కువ పడుతున్నాయి. అడుగుని మధ్యలోంచి మొదలుపెట్టి గుండ్రటి చక్రంలా అల్లుతాం కదా, సింగిల్ క్రోషేతో (పొట్టి కుట్టు) అల్లితే 6 కుట్లతో మొదలుపెట్టి వరసకి 6 చొప్పున పెంచాలి: 6, 12, 18, 24. డబుల్ క్రోషే (పొడుగు కుట్టు) అయితే 12, 24, 36. చక్రం సీసా అడుగంత అవగానే పెంచడం ఆపేయండి, గోడ దానంతటదే పైకి లేస్తుంది. లెక్క సరిగ్గానే ఉన్నా తేడా వస్తుంటే నమూనా ఏ పద్ధతిదో చూడండి, బ్రిటిష్ నమూనాల్లో డబుల్ అని రాసింది అమెరికా వాళ్ల సింగిల్.

దారం విషయంలో నా మాట: 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానిదే అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చిన నర్సాపురం లేసు అల్లికలో వాడేలాంటి సన్న నూలుదారం చిన్న సీసాలకి ఎంత అందమో చెప్పలేను, లోపలి రంగు గళ్లలోంచి కనబడుతుంది. పెద్ద సీసాలకి మాత్రం కాస్త లావు దారమే మేలు.

లేబుల్ జిగురు వదలట్లేదు

గోరువెచ్చని నీళ్లలో నానబెడితే కాగితం ఊడొస్తుంది. మిగిలిన జిగురుకి వంట నూనె, వంట సోడా కలిపి పట్టించి, అరగంట ఆగి పీచుతో రుద్దండి. తర్వాత గిన్నెల సబ్బుతో జిడ్డంతా పోయేలా కడగండి.

కడిగినా పచ్చడి వాసన

వాసన గాజులో ఉండదు, మూత లోపల రబ్బరులాంటి పొర ఉంటుంది చూడండి, అందులో ఉంటుంది. మూతకి వంట సోడా పట్టించి కడిగి రెండు రోజులు ఎండలో పెట్టండి. అప్పటికీ పోకపోతే ఆ సీసా బొత్తాలకి వాడుకోండి. రేకు మూత సీసాలో మళ్లీ ఆవకాయ పెట్టొద్దు, ఉప్పూ పులుపూ కలిసి మూతని తినేస్తాయి, తుప్పు పచ్చట్లోకి దిగుతుంది.

తొడుగు మీద పసుపు మరక

సబ్బు తగలగానే ఎర్రబడిందని కంగారు పడకండి, పసుపులో సున్నం కలిపితే ఎర్రబడడం మనకి తెలిసిందేగా, ఇదీ అదే. బాగా జాడించి తడిగానే ఎండలో ఆరేయండి. పసుపు రంగు ఎండకి వెలిసిపోతుంది.

సీసా చిట్లింది

మామూలు గాజు ఒక్కసారిగా వేడిని తట్టుకోదు. చల్లటి సీసాలో మరిగే నీళ్లు పోయకండి, తొడుగు ఉన్నా కాపాడదు. అంచు పెచ్చు లేచిన సీసాలో తిండి సామాన్లు అసలే వద్దు.

లోపల దీపం పెడితే తొడుగు మాడుతోంది

నూలు అంటుకుంటుంది, యాక్రిలిక్ ఊలు కరుగుతుంది. తొడుగున్న సీసాలో నూనె దీపం, కొవ్వొత్తి రెండూ మానేసి బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్ఈడీ లైట్లు వేయండి.