కువైట్‌లో క్లీనింగ్ పనికి కొత్తగా వచ్చిన మన కడప తమ్ముళ్లకు

మన కడప పక్క నుంచి కువైట్ పోవడం కొత్తేమీ కాదు. రాయచోటి, రాజంపేట పక్క ఏ వీధిలో అడిగినా కువైట్‌లో ఉన్నవాళ్లు ఒకరైనా తేలుతారు. పోయే ముందు అందరూ జీతం, అకామా (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్), రూము గురించి చెబుతారు. చెత్త పనిలో ఒళ్లెట్లా కాపాడుకోవాలో మాత్రం నాకెవరూ చెప్పలేదు. తొమ్మిదేళ్లు క్లీనింగ్ కంపెనీలో చేసి ఇప్పుడు కడపలో ఉంటున్నాను. అక్కడికి కొత్తగా వచ్చినవాళ్లకూ, రేపోమాపో ఫ్లైట్ ఎక్కబోయేవాళ్లకూ ఇది రాస్తున్నా.

ముందు సంచి సంగతి. నల్ల సంచి లోపల ఏముందో పైకి తెలియదు. మూతి దగ్గర పట్టుకుని ఒంటికి దూరంగా ఎత్తాలి. అడుగున చెయ్యి పెట్టకూడదు, కాలితో తొక్కి అణచకూడదు, తొడకు తగిలేలా మోయకూడదు. నేను చేసిన తప్పు ఇదే. పని తొందరగా తెమిలిపోతుందని చేతికి రెండేసి సంచులు పట్టుకుని నడిచా. ఒకటి తొడకు కొట్టుకుంది. చీమ కుట్టినట్టు అనిపించింది, అంతే. చూస్తే ప్యాంటు మీద శనగ్గింజంత రక్తం మరక. సంచిని చీల్చుకుని సూది కొస బయటికి వచ్చి ఉంది, ఇంజెక్షన్ సూది.

ఫోర్‌మన్‌కు చెబితే రక్తపరీక్ష చేయించి ఇంటికి పంపేస్తారని భయమేసింది. కడుక్కుని ఊరకుండిపోయా. మూడో రోజు రాత్రి రూములో రాయచోటి అన్నకు చెప్పా. ఆయన ఒక్క మాట కూడా తిట్టలేదు. చొక్కా వేసుకుని, “లెయ్, పోదాం పా” అన్నాడు. డాక్టర్ అడిగిన మొదటి మాట, “గుచ్చుకుని ఎన్ని గంటలైంది?”

ఆ ప్రశ్న ఎందుకో తర్వాత అర్థమైంది. సూది ద్వారా హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటల లోపు మొదలుపెడితేనే ప్రయోజనం. నాకప్పటికి 68 గంటలయ్యాయి. 28 రోజులు మాత్రలు మింగా, ఆర్నెల్ల దాకా టెస్టులు. ఏమీ రాలేదు. కానీ ఆ ఆర్నెల్లు ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా పాప గొంతు వింటే ఏడుపు ఆగేది కాదు.

అందుకని సూది గానీ గాజుపెంకు గానీ గుచ్చుకుంటే వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో కడగండి. పిండొద్దు, నోటితో పీల్చొద్దు. అదే గంటలో సూపర్‌వైజర్‌కు చెప్పి ఆస్పత్రికి పోండి. అరబ్బీలో సూదిని ‘ఇబ్రా’ అంటారు. ఆ ఒక్క మాట వచ్చినా గాయం చూపించి చెప్పుకోవచ్చు.

ఇంకా ఊర్లోనే ఉన్నవాళ్లు హెపటైటిస్ బీ టీకా వేయించుకోండి. మూడు డోసులు: మొదటిది వేసిన నెలకు రెండోది, ఆర్నెల్లకు మూడోది. ధనుర్వాతం ఇంజెక్షన్ కూడా అప్పుడే వేయించుకోండి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. హెపటైటిస్ టీకా వేసుకున్న కొత్తలో రక్తపరీక్ష చేస్తే కొన్నిసార్లు ఆ జబ్బు ఉన్నట్టు తప్పుగా చూపిస్తుంది. గల్ఫ్ మెడికల్‌లో, అంటే వీసా కోసం పోయే ముందు చేసే వైద్య పరీక్షలో, అది కూడా ఉంటుంది. కాబట్టి టీకాకూ మెడికల్‌కూ మధ్య నెల గ్యాప్ ఉంచుకోండి. టీకా వేసేవాళ్లకు గల్ఫ్ పోతున్న సంగతి చెప్పండి.

చెత్త లారీ వెనక ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. సైడు అద్దంలో డ్రైవర్ మొహం మీకు కనబడితేనే మీరు ఆయనకు కనబడుతున్నట్టు. లారీ రివర్స్ వస్తుంటే దాని వెనక ఎవరూ నిలబడకూడదు. చెత్తను నొక్కే పలక కదులుతున్నప్పుడు ఏదో ఇరుక్కుందని తొట్టిలో చెయ్యి పెట్టొద్దు. మిషన్ ఆపించాకే తీయాలి. రాత్రి డ్యూటీలో మెరిసే జాకెట్ ఎంత ఉక్కగా ఉన్నా విప్పకండి.

ఎండ విషయంలో మనవాళ్లకు ఒక ధీమా ఉంటుంది, “కడపోళ్లం, మాకు ఎండలు కొత్తా?” అని. కొత్తే. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ఆగస్టు, సెప్టెంబరులో ఉక్క కమ్మిన రోజుల్లో చెమట కారుతుంది గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే దాహం కోసం చూడకుండా ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు నీళ్లు తాగండి. లబన్ అని అడిగితే మన మజ్జిగ లాంటిదే దొరుకుతుంది, ఉప్పేసుకుని తాగండి. మొదటి రెండు వారాలు ఒళ్లు అలవాటు పడేదాకా పనిలో పంతానికి పోవద్దు. పక్కనోడు తడబడుతూ సంబంధం లేకుండా మాట్లాడుతున్నాడంటే అది వడదెబ్బే. నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు పోస్తూ 112కు ఫోన్ చేయండి. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట ఎండలో పని చేయించడం అక్కడ నిషేధం.

బిల్డింగ్ క్లీనింగ్‌లో పడ్డవాళ్లు బ్లీచింగ్‌నూ బాత్రూం యాసిడ్‌నూ ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మ్యాన్‌హోల్‌లోకి దిగమంటే దిగకండి, లోపల కుళ్లిన గుడ్ల వాసన వేసే విషపు గ్యాస్ ఉంటుంది. ఆ వాసన పోయిందంటే గ్యాస్ పోయిందని కాదు, ఎక్కువైతే ముక్కుకు ఆ వాసన తెలిసే శక్తే పోతుంది. బరువు సంగతి మీకు తెలిసిందే. శనక్కాయ మూట ఇద్దరు పట్టినట్టే, నిండిన డబ్బాను కూడా ఇద్దరు పట్టండి.

డ్యూటీ బట్టలతో మంచం మీద కూర్చోకండి. విడిగా ఉతకండి. గ్లౌజులు తీసి చేతులు కడగకుండా బీడీ కూడా ముట్టొద్దు.

ఇక హక్కుల మాట. కువైట్‌లో 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ప్రకారం గ్లౌజులు, బూట్లు లాంటి రక్షణ సామాను కంపెనీయే ఇవ్వాలి, వాటికి జీతంలో కోత పెట్టకూడదు. పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు కంపెనీదే. డాక్టర్ చెప్పినన్ని రోజులు జీతం ఇవ్వాలి, ఆర్నెల్లు దాటితే సగం ఇస్తారు. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ మీద ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి విదేశం పోవడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి) అడుగుతారు. ఆ దారిలో పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. పాలసీ కాగితం పెట్టెలో పెట్టుకుపోతే సరిపోదు, ఒక కాపీ ఇంట్లో ఉంచండి.

దెబ్బ తగిలిన రోజు ఆస్పత్రి రిపోర్టులో అది పనిలో తగిలిందని, ఏ తేదీన ఎన్ని గంటలకో రాయించుకోండి. ఇంటి దగ్గర జారిపడ్డానని చెప్పమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ కాగితం ఫోటో తీసి, ఆ రాత్రే ఇంటికి వాట్సాప్‌లో పంపండి.