పేస్‌మేకర్ బ్యాటరీ లెక్క – 3వ పాఠం: ఒక్కో బీట్‌కి ఎంత ఖర్చు?

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క సరిచూద్దాం. బ్యాటరీ 1.2 ఆంపియర్ అవర్, మొత్తం వాడకం 15 మైక్రోఆంపియర్లు, ఎన్నేళ్లు వస్తుంది అని అడిగాను. ఏడాదికి 8,766 గంటలు. అంటే 1 ఆంపియర్ అవర్ బ్యాటరీ నుంచి నిరంతరం 114 మైక్రోఆంపియర్లు లాగితే అది ఏడాదికి ఖాళీ అవుతుంది. ఈ 114 ఒక్కటీ గుర్తుంటే చాలు. దాన్ని ఆంపియర్ అవర్లతో గుణించి, మైక్రోఆంపియర్లతో భాగించాలి. 114 × 1.2 ÷ 15 = 9.1 ఏళ్లు. మీలో కొందరికి 80,000 వచ్చి ఉంటుంది. అదీ తప్పు కాదు, అవి గంటలు. 8,766తో భాగించి చూడండి, మళ్లీ అదే 9.1 వస్తుంది.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ఆ 15 నేను ఇచ్చాను కాబట్టి మీకు తెలిసింది. రేపు విశాఖలో ఏ కార్డియాలజీ ఓపీలోనో మీరు కూర్చున్నప్పుడు పేషెంట్ తెచ్చే పేస్‌మేకర్ కార్డు మీద ఆ అంకె ఉండదు. దాన్ని మనమే కట్టుకోవాలి. ఇవాళ్టి పాఠమంతా దాని గురించే.

ఇంట్లో కరెంటు బిల్లు సంగతి తీసుకోండి. ఫ్రిజ్ రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. నీళ్ల మోటార్ మాత్రం ట్యాంకు నింపాల్సి వచ్చినప్పుడే వేస్తాం. పేస్‌మేకర్‌లోనూ ఖర్చు ఈ రెండు రకాలే. గుండెలో పుట్టే విద్యుత్ సంకేతాల్ని ప్రతి క్షణం వింటూ, లెక్క పెడుతూ, జ్ఞాపకం పెట్టుకుంటూ ఉండే సర్క్యూట్ ఫ్రిజ్ లాంటిది. పేస్‌మేకర్ కొట్టినా కొట్టకపోయినా దాని ఖర్చు దానికి ఉంటుంది. గుండె తనంతట తాను కొట్టుకోనప్పుడు లీడ్ గుండా, అంటే గుండెలోకి వెళ్లే సన్నని తీగ గుండా పంపే పల్స్ మోటార్ లాంటిది. మొదటి ఖర్చు మోడల్‌ని బట్టి మారుతుంది, మన చేతిలో పెద్దగా ఉండదు. మన లెక్కకి దాన్ని 8 మైక్రోఆంపియర్లు అనుకుందాం. రెండోది దాదాపు పూర్తిగా మనం పెట్టే సెట్టింగుల మీదే ఆధారపడుతుంది.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. అవుట్‌పుట్ 2.5 వోల్టులు, లీడ్ ఇంపీడెన్స్ (కరెంటుకి ఎదురయ్యే అడ్డు) 500 ఓమ్‌లు, పల్స్ వెడల్పు 0.4 మిల్లీసెకను. ఓమ్ సూత్రం ప్రకారం 2.5 ÷ 500 చేస్తే 5 మిల్లీఆంపియర్లు. ఆ 5 మిల్లీఆంపియర్లు 0.4 మిల్లీసెకను పాటు పారితే 2 మైక్రోకూలంబుల చార్జి. ఒక బీట్‌కి ఖర్చు అంతే. నిమిషానికి 60 బీట్లయితే సెకనుకి ఒకటి. సెకనుకి 2 మైక్రోకూలంబులంటే 2 మైక్రోఆంపియర్లే. దీనికి ఫ్రిజ్ ఖర్చు 8 కలిపితే మొత్తం 10. బ్యాటరీ 1 ఆంపియర్ అవర్ అయితే 114 ÷ 10, అంటే 11.4 ఏళ్లు.

అవుట్‌పుట్‌ని 5 వోల్టులు చేస్తే ఏమవుతుంది? చాలామంది ఖర్చు రెట్టింపవుతుంది అంటారు. ఇక్కడ కాస్త ఆగండి. పల్స్‌లో పారే చార్జి రెట్టింపై 4 మైక్రోకూలంబులు అవుతుంది, ఆ మాట నిజమే. కానీ చాలా ఏళ్లుగా పేస్‌మేకర్లలో వాడుతున్న లిథియం–అయొడిన్ బ్యాటరీ ఇచ్చేది 2.8 వోల్టులే. దాన్నుంచి 5 వోల్టులు రావాలంటే కెపాసిటర్లతో వోల్టేజ్‌ని రెట్టింపు చేయాలి. ఊరికే ఏదీ రాదు కదా. బయటికి 4 వెళ్తే బ్యాటరీ 8 ఇచ్చుకోవాలి. అంటే వోల్టేజ్ రెండింతలైతే ఖర్చు నాలుగింతలు. పల్స్ ఖర్చు 2 కాస్తా 8 అయింది, మొత్తం 16. 114ని 16తో భాగిస్తే 7.1 ఏళ్లు. వాడిన బ్యాటరీ అదే, గుండె అదే. ఒక్క సెట్టింగ్ వల్ల నాలుగేళ్లకి పైగా పోయాయి.

పల్స్ వెడల్పుకి ఈ నాలుగింతల గొడవ లేదు. వెడల్పు ఎంత పెరిగితే ఖర్చు అంతే పెరుగుతుంది. 2.5 వోల్టుల దగ్గరే 0.4ని 1.0 చేస్తే 2 కాస్తా 5 అవుతుంది. ఇంపీడెన్స్ దీనికి ఎదురు దిక్కులో నడుస్తుంది. 1,000 ఓమ్‌లుంటే ఖర్చు సగం. బీట్లు 60 బదులు 70 అయితే 70 ÷ 60తో గుణించండి. రెండు లీడ్లు ఉన్న పేస్‌మేకర్‌లో పై గదికీ కింది గదికీ విడివిడిగా ఈ లెక్కే కట్టి కలపాలి.

ఇక్కడ ఒక సొంత విషయం చెప్పాలి. ఈ పాఠాలు రాయడానికి కారణం అదే.

మా నాన్నగారికి పూర్తి హార్ట్ బ్లాక్. పై గది నుంచి కింది గదికి సంకేతం అసలు దిగేది కాదు. ఆయన ప్రతి బీటూ పేస్‌మేకర్ కొట్టిందే. అది పెట్టినప్పుడు నేనింకా డిప్లొమాలో ఉన్నాను. ఆపరేషన్ బాగా జరిగింది, ఇంటికొచ్చారు, నెల తిరక్కుండానే పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక మొదలుపెట్టారు. కార్డుని అమ్మ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి దేవుడి గూట్లో దాచింది. పండగ పూట ఆ కవర్‌కీ ఇంత కుంకుమ పెట్టేది. మూడు నెలల తర్వాత చెకింగ్‌కి రావాలని మాకెవరూ గట్టిగా చెప్పలేదు. మేమూ అడగలేదు. తర్వాత చెకింగ్‌కి వెళ్లినప్పుడల్లా పల్స్ పట్టుకుని చూసి, ఈసీజీ తీసి, బాగుంది అని పంపేవారు. ఆరున్నరేళ్లకే బ్యాటరీ అయిపోవచ్చిందని, మార్చాలని అన్నారు.

అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చాను. మార్చే ముందు, పేస్‌మేకర్ సెట్టింగులు బయటి నుంచి చదివే ప్రోగ్రామర్ వ్యాండ్ ఆయన ఛాతీ మీద నేనే పెట్టాను. తెర మీద అవుట్‌పుట్ 5.0 వోల్టులు అని కనిపించింది. ఆపరేషన్ రోజు పెట్టింది అలాగే ఉండిపోయింది. థ్రెషోల్డ్, అంటే పల్స్ గుండెని పట్టుకోవడానికి కావాల్సిన కనీస వోల్టేజ్ చూస్తే 0.75. ఆ గుండెకి 0.75 వోల్టులు చాలు, మేం ఆరున్నరేళ్లు 5 వోల్టులతో కొడుతూ వచ్చాం. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని మీకు పైన చూపించిన లెక్కే వేశాను. 70 బీట్లు, నూటికి నూరు శాతం పేసింగ్. 8 × 70 ÷ 60 అంటే 9.3. దానికి 8 కలిపితే 17.3. 114 ÷ 17.3 = 6.6 ఏళ్లు. అదే 2.5 వోల్టులకి దించి ఉంటే 2.3 + 8 = 10.3, అంటే 11 ఏళ్లు. డెబ్భై దాటిన మనిషిని మళ్లీ టేబుల్ ఎక్కించి, అదే చోట మళ్లీ కోసి, ఇన్‌ఫెక్షన్ వస్తుందేమోనని పది రోజులు టెన్షన్ పడ్డాం. ఈ లెక్క వేయడం వచ్చిన వాళ్లు ఒక్కరు మధ్యలో ఉన్నా అది తప్పేది.

మరి ఆపరేషన్ రోజు ఎక్కువ వోల్టులు ఎందుకు పెడతారు? అది తప్పు కాదు. లీడ్ మొన గుండె గోడకి తగిలిన చోట మొదటి వారాల్లో వాపు వస్తుంది. దాంతో థ్రెషోల్డ్ పైకి లేస్తుంది. కొసన స్టెరాయిడ్ ఉండే లీడ్లు వచ్చాక ఆ పెరుగుదల బాగా తగ్గింది, అయినా పూర్తిగా పోలేదు. ఆ రోజుల్లో పల్స్ గుండెని పట్టుకోకపోతే మనిషికే ముప్పు. అందుకే పెద్ద మార్జిన్ ఇస్తారు. మూడు నెలలు గడిచేసరికి థ్రెషోల్డ్ ఒక చోట కుదురుకుంటుంది. అప్పుడు కొలిచి, వోల్టేజ్‌లో కనీసం రెట్టింపు మార్జిన్ ఉంచి దించాలి. 0.75కి రెట్టింపు 1.5. చాలామంది డాక్టర్లు అంత కిందికి దించకుండా 2 దగ్గరో 2.5 దగ్గరో ఆపుతారు, ముఖ్యంగా మా నాన్నగారిలా పూర్తిగా పేస్‌మేకర్ మీదే ఆధారపడ్డ వాళ్లకి. అది సరైన జాగ్రత్త. బ్యాటరీ కోసం మార్జిన్‌ని కోసేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. ఎంతకి దించాలన్నది డాక్టర్ నిర్ణయం. దించితే ఎన్నేళ్లు కలిసొస్తాయో కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టడం మన పని.

ఆ మూడు నెలల చెకింగ్ చాలామందికి తప్పిపోతోంది. పాడేరు వైపు నుంచో, శ్రీకాకుళం లోపలి ఊళ్ల నుంచో రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, తోడుకి ఇంకొకరు రావాలి, బస్సు చార్జీలు. ఒంట్లో బాగానే ఉంది కదా, ఎందుకు వెళ్లడం అనుకుంటారు. డిశ్చార్జ్ రోజునే కార్డు వెనక మూడు నెలల తర్వాతి తేదీ పెద్ద అక్షరాలతో రాసి, ఎందుకు రావాలో వాళ్ల భాషలో చెప్పండి. 'బ్యాటరీ నాలుగేళ్లు ఎక్కువొస్తుంది, ఇంకో ఆపరేషన్ వెనక్కి జరుగుతుంది' అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

అందరికీ నాలుగేళ్లు కలిసిరావు, అదీ తెలుసుకోవాలి. సైనస్ నోడ్ (గుండెకి లయ ఇచ్చే సహజ కేంద్రం) జబ్బుతో పేస్‌మేకర్ పెట్టించుకున్న ఒకరికి వందలో 20 బీట్లే పేస్‌మేకర్ కొడుతోందనుకోండి. 5 వోల్టుల దగ్గర కూడా పల్స్ ఖర్చు 8లో ఐదో వంతు, అంటే 1.6. మొత్తం 9.6, దాదాపు 11.9 ఏళ్లు. 2.5కి దించితే 0.4 + 8 = 8.4, అంటే 13.6 ఏళ్లు. లాభం ఏడాదిన్నర పైచిలుకు. ఇక్కడ ఖర్చంతా ఫ్రిజ్‌దే, మోటార్‌ని ఎంత తగ్గించినా బిల్లు పెద్దగా దిగదు. కాబట్టి తెర మీద ముందు చూడాల్సింది పేసింగ్ శాతం. అది చూడకుండా వోల్టులు తగ్గించండి, వోల్టులు తగ్గించండి అనడం సగం తెలిసిన వాళ్ల మాట.

విశాఖలో వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్‌లో శిక్షణకి వెళ్తున్న ఒక అబ్బాయి నన్ను మంచి ప్రశ్న అడిగాడు. ఇంత తంటా ఎందుకండీ, ఫోన్‌లా బయటి నుంచి చార్జింగ్ పెట్టే బ్యాటరీ వేయొచ్చు కదా అని. మొదట చేసింది అదే. 1958 అక్టోబర్ 8న స్టాక్‌హోమ్‌లో ఓకే సెన్నింగ్ అనే సర్జన్, రూనె ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజినీర్ తయారుచేసిన పేస్‌మేకర్‌ని ఆర్నె లార్సన్‌కి పెట్టారు. శరీరంలో పూర్తిగా అమర్చిన మొదటి పేస్‌మేకర్ అది. అందులో ఉన్నది చార్జ్ అయ్యే నికెల్–కాడ్మియం బ్యాటరీ. ఆ మొదటిది కొన్ని గంటలే పనిచేసింది. లార్సన్ 2001 వరకు, 86 ఏళ్లు బతికారు. ఆ మధ్యలో ఆయనకి వాడినవి 26 పేస్‌మేకర్లు. తర్వాత వచ్చిన మెర్క్యురీ–జింక్ సెల్స్ రెండేళ్ల చుట్టూ తిరిగేవి. విల్సన్ గ్రేట్‌బాచ్ పట్టుబట్టి తెచ్చిన లిథియం–అయొడిన్ బ్యాటరీ 1972లో మనిషి శరీరంలోకి వెళ్లాక గాని ఏళ్ల తరబడి నమ్ముకోగల పేస్‌మేకర్ రాలేదు. చార్జింగ్ పెట్టడం మరిచిపోతే ప్రాణం మీదికొచ్చే వస్తువుని పెద్దవాళ్ల చేతికి ఇవ్వడం కన్నా, మరిచిపోయినా పదేళ్లు నడిచేదాన్ని ఇవ్వడమే మేలు.

నా బల్ల మీద కోసి ఉంచిన పాత పేస్‌మేకర్ ఒకటి ఉంది. టైటానియం డొప్ప విప్పితే లోపల దాదాపు సగం చోటు బ్యాటరీదే. అర్ధచంద్రాకారంలో ఉంటుంది. వేలితో తడుముతూ, ఇది ఒక మనిషిని ఏళ్ల పాటు నడిపించింది కదా అనుకుంటాను. నా దగ్గరికి వచ్చే పిల్లల చేతిలో మొదట పెట్టేది అదే, లెక్కలు ఆ తర్వాతే.

ఇంటి లెక్క. భీమిలి దగ్గరి నుంచి ఒక మామ్మగారు చెకింగ్‌కి వస్తారు. వచ్చినప్పుడల్లా, 'ఇది ఎన్నేళ్లు పని సేత్తాది బాబూ? నానుండగా ఆగిపోదు కదా?' అని అడుగుతారు. ఆవిడకి ఒకటే లీడ్. బ్యాటరీ 1.1 ఆంపియర్ అవర్, ఫ్రిజ్ ఖర్చు 9 మైక్రోఆంపియర్లు, ఇంపీడెన్స్ 600 ఓమ్‌లు, పల్స్ వెడల్పు 0.4 మిల్లీసెకను, నిమిషానికి 60, పేసింగ్ 45 శాతం అనుకోండి. మొదటి మూడు నెలలు 5 వోల్టుల మీద నడిచింది. ఆ తర్వాత 2.5కి దించారు. మొదటి మూడు నెలల్లో ఎన్ని ఆంపియర్ అవర్లు పోయాయో ముందు కట్టి, మిగిలిన దాంట్లోంచి ఎన్నేళ్లు వస్తుందో తేల్చండి. మామ్మగారికి చెప్పబోయే జవాబుని ఒక్క వాక్యంలో, ఆవిడకి అర్థమయ్యేలా కూడా రాయండి. జవాబు వచ్చే పాఠంలో ఇస్తాను. అయస్కాంతం ఛాతీ మీద పెడితే రేటు ఎందుకు మారుతుంది, మెడ్‌ట్రానిక్ కంపెనీ పేస్‌మేకర్‌లో ఆ రేటు 85 ఉండాల్సింది 65కి పడిపోతే ఎన్నాళ్లలో మార్చాలి అన్నది కూడా అందులోనే.