సీరియల్ మానిటర్ ఖాళీగా ఉందా? కోడ్ జోలికి అప్పుడే వెళ్లకండి

ఆర్డుయినో లాంటి బోర్డుని యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కనెక్ట్ చేశారు, పవర్ ఎల్ఈడీ వెలిగింది, బోర్డు పంపే అక్షరాలు చూపించాల్సిన సీరియల్ మానిటర్‌లో మాత్రం ఒక్క అక్షరం లేదు. ఇలా నా దగ్గరికి వచ్చే జూనియర్లలో చాలామంది అప్పటికే కోడ్‌ని నానారకాలుగా మార్చేసి ఉంటారు. నేను ముందు కోడ్ మూసేయమంటాను. కంప్యూటర్ నుంచి మీ ప్రోగ్రామ్ దాకా వెళ్లే దారిలో కేబుల్, డ్రైవర్, యూఎస్‌బీ సీరియల్ చిప్, వైర్లు ఉన్నాయి. ఎక్కడ తెగిందో తెలుసుకోకుండా చిట్టచివర ఉన్న ప్రోగ్రామ్‌ని పట్టుకుంటే టైమ్ వృథా, టెన్షన్ అదనం.

ముందు కేబుల్ చూడండి. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్లో డేటా వైర్లు ఉండవు. ఎల్ఈడీ వెలుగుతుంది కాబట్టి దాని మీద అనుమానం కూడా రాదు. ఫోన్‌లోని ఫోటోలు కాపీ చేసుకోగలిగిన కేబుల్ అయితే నమ్మొచ్చు. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి ఉంచి, కేబుల్ పీకి మళ్లీ పెట్టండి. కొత్తగా ఏ కామ్ నంబర్ (COM3 లాంటిది) కనిపిస్తే అదే మీ పోర్ట్. పసుపు గుర్తు కనిపిస్తే సాధారణంగా డ్రైవర్ సమస్యే. బోర్డు మీద యూఎస్‌బీ సీరియల్ చిప్ సీహెచ్340 ఉందో సీపీ2102 ఉందో చూసి దాని డ్రైవర్ వేయండి. ఉబుంటులో ‘పర్మిషన్ డినైడ్’ అంటే మీ యూజర్‌ని డయలౌట్ గ్రూప్‌లో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. పోర్ట్ బిజీ అని వస్తే దాన్ని ఇంకో ప్రోగ్రామ్ వాడుతోంది.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది లూప్‌బ్యాక్ పరీక్ష, అంటే మనం పంపింది తిరిగి మనకే వస్తుందో లేదో చూడటం. ఆర్డుయినో ఊనోలో రీసెట్ పిన్‌ని గ్రౌండ్‌కి కలపండి. మెయిన్ చిప్ రీసెట్‌లోనే ఉండిపోతుంది, దాని పిన్లు అడ్డురావు. ఇప్పుడు సీరియల్ డేటా వచ్చిపోయే 0, 1 పిన్లను ఒక జంపర్ వైరుతో కలిపి, సీరియల్ మానిటర్‌లో ఏదో ఒకటి టైప్ చేసి సెండ్ నొక్కండి. అదే తిరిగొస్తే కేబుల్, డ్రైవర్, పోర్ట్, యూఎస్‌బీ చిప్ అన్నీ ఒక్క దెబ్బతో పాసైనట్టే. రాకపోతే మీ కోడ్‌కి ఏ పాపమూ తెలియదు. అయితే బాడ్ రేటు (సెకనుకి ఎన్ని బిట్లు పంపాలన్న వేగం) సంగతి ఈ పరీక్షలో తేలదు. పంపేదీ అందుకునేదీ ఒకే చిప్ కాబట్టి ఏ రేటు పెట్టినా పాసవుతుంది. పని అయ్యాక రెండు వైర్లూ తీసేయడం మరిచిపోవద్దు.

అక్షరాలు వస్తున్నాయి గానీ అన్నీ పిచ్చి గుర్తులేనా? చాలాసార్లు అది బాడ్ రేటు తేడా. 9600 దగ్గర ఒక్కో బిట్ సుమారు 104 మైక్రోసెకన్లు ఉంటుంది, 115200 దగ్గర 8.7 మాత్రమే. కోడ్‌లోనూ మానిటర్‌లోనూ ఒకే అంకె ఉండాలి. ఈఎస్‌పీ8266 (వైఫై చిప్) బోర్డుల్లో మొదట కాస్త చెత్త వచ్చి తర్వాత సరైన టెక్స్ట్ వస్తే కంగారు పడకండి. ఆ చిప్ బూట్ మెసేజ్‌ని మామూలుగా 74880 రేటులో పంపుతుంది. మానిటర్‌ని ఆ రేటుకి మార్చి ఒకసారి చదవండి. రీసెట్ కారణం అంకె రూపంలో అక్కడే ఉంటుంది: 2 అయితే బయటి నుంచి రీసెట్, 4 అయితే హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ ఇరుక్కుపోతే చిప్‌ని రీసెట్ చేసే టైమర్). బోర్డు ఊరికే రీస్టార్ట్ అవుతుంటే ఆ ఒక్క అంకె ఎంత వెతుకులాట తప్పిస్తుందో!

రెండు బోర్డులను కలిపేటప్పుడు ఒకదాని టీఎక్స్ (పంపే పిన్) రెండోదాని ఆర్ఎక్స్‌కి (అందుకునే పిన్) వెళ్లాలి, గ్రౌండ్‌లు రెండూ కలవాలి. ఊనో 5 వోల్టులది, ఈఎస్‌పీ32 3.3 వోల్టులది. ఊనో టీఎక్స్‌ని నేరుగా ఈఎస్‌పీ32కి ఇవ్వకండి. మధ్యలో 1 కిలోఓమ్ రెసిస్టర్, ఆర్ఎక్స్ నుంచి గ్రౌండ్‌కి 2 కిలోఓమ్ రెసిస్టర్ పెడితే 3.3 వోల్టులకు దిగుతుంది. ఊనోలో 0, 1 పిన్లకి ఏదైనా మాడ్యూల్ తగిలించి ఉంటే అప్‌లోడ్ ఫెయిలవ్వచ్చు, అప్పటికి తీసేయండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాక కోడ్ తెరవండి. మీరు పంపిన ‘ఆన్’ కమాండ్ తెరమీద కనిపిస్తున్నా ఇఫ్ కండిషన్ పనిచేయకపోతే, వచ్చిన స్ట్రింగ్ పొడవు ప్రింట్ చేసి చూడండి. రెండు ఇంగ్లిష్ అక్షరాలకి 4 వస్తే చివర క్యారేజ్ రిటర్న్, న్యూలైన్ అనే కంటికి కనిపించని లైన్ ముగింపు గుర్తులు అతుక్కుని ఉన్నాయన్నమాట. పోల్చే ముందు స్ట్రింగ్‌ని ట్రిమ్ చేయండి, లేదా మానిటర్‌లో ‘నో లైన్ ఎండింగ్’ ఎంచుకోండి.