వైజాగ్‌లో అసలైన వడాపావ్ పట్టుకోవడం ఎలా?

వైజాగ్‌లో వడాపావ్ దొరకదని ఎవరన్నారు? కావలసినన్ని చోట్ల దొరుకుతుంది. దొరికేదాంట్లో చాలావరకు వడాపావ్ కాదు, అదీ గొడవ. తియ్యటి బన్ను కోసి మధ్యలో మన ఆలూ బోండా పెట్టి, టమాటా సాస్ పూసి, మయోనైజ్ పిండి, పైన చీజ్ తురిమి చేతిలో పెడతారు, మనం ఫొటో తీసి "ముంబై టేస్ట్" అని స్టేటస్ పెట్టేస్తాం. బోర్డు మీద "ముంబై స్టైల్" అని కనబడితే నేనైతే ఆగను. అసలుది అమ్మేవాడికి స్టైల్ గురించి రాసుకునే అవసరం ఉండదు.

ముందు ఏం వెతుకుతున్నామో తెలియాలి. 1966లో ముంబై దాదర్ స్టేషన్ బయట అశోక్ వైద్య అనే ఆయన బటాటా వడని, అంటే బంగాళాదుంప వడని, పావ్ అనే మెత్తటి రొట్టెలో పెట్టి అమ్మడం మొదలుపెట్టారని చెబుతారు. బట్టల మిల్లు షిఫ్టుకి పరిగెత్తే మనిషి ప్లేటు లేకుండా, నిలబడి, ఒంటిచేత్తో తినేసి రైలెక్కడానికి పనికొచ్చే తిండి అది. ఆ మిల్లుల్లో మన తెలుగువాళ్ళూ చాలామంది పనిచేశారు కాబట్టి మనకేమీ పరాయిది కాదు. 1982లో మిల్లు కార్మికుల సమ్మె తర్వాత మిల్లులు మూతపడుతుంటే పని పోయినవాళ్ళు ఎందరో ఇదే బండి పెట్టుకుని బతికారు. కాబట్టి ఫోర్కు ఇచ్చే చోట, ఏసీ వేసిన చోట వెతకడం శుద్ధ దండగ.

కావలసినవి: ఖాళీ కడుపు, కొంచెం చిల్లర, కాస్త మొహమాటం లేని నోరు. అంతే.

వేళ సాయంత్రం అయిదు నుంచి ఏడు మధ్య. అప్పుడే మూకుడు ఖాళీ ఉండదు, వడ వేడిగా దిగుతుంది. పొద్దున్న వేయించి గాజు పెట్టెలో పేర్చినవి రాత్రి తొమ్మిదికి తిని "ఏముందిరా ఇందులో" అనకండి.

ఎక్కడ అంటే, బీచ్ రోడ్డు మాత్రం కాదు. సబ్‌మెరైన్ చూడ్డానికొచ్చిన జనం రేపు మళ్ళీ రారు, వాళ్ళ కోసం ఎవడూ వెల్లుల్లి దంచడు. అక్కడికి వెళ్తే ముంత మసాలా తినండి, మొక్కజొన్న పొత్తు తినండి, వడాపావ్ జోలికి పోవద్దు. సింధియా, మల్కాపురం, శ్రీహరిపురం వైపు పోండి, లేదంటే గాజువాక, స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్ చుట్టుపక్కల. అటు నేవీ, ఇటు స్టీల్‌ప్లాంట్, రెంటికీ దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు, మహారాష్ట్ర వాళ్ళూ ఉంటారు. అక్కడ బండ్లు ఎక్కువని కాదు, తిని తిట్టేవాళ్ళు ఉంటారు. తిట్టేవాళ్ళున్న చోటే వంట బాగుంటుంది. యాప్‌లో నక్షత్రాలు చూసి వెళ్ళేవాళ్ళకి ఒకటే చెప్తాను, ఆ నక్షత్రాలు ఇచ్చింది చీజ్ ఇష్టపడినవాళ్ళు.

బండి దొరికాక అందరూ వడ మీద పడతారు. వడ పెద్ద సమస్య కాదు, బజ్జీలు, పునుగులు వేసే ఊళ్ళో శనగపిండిలో ముంచి వేయించడం ఎవరికి రాదు? ఒకటి విరిచి చూడండి. లోపల పసుపుపచ్చగా, బంగాళాదుంప అక్కడక్కడా పలుకుగా, ఆవాలు, కరివేపాకు, వెల్లుల్లి పచ్చిమిర్చి ముద్ద వాసన ఉండాలి. ఉల్లిపాయ ముక్కలు, గరంమసాలా తగిలితే అది మసాలా దోశలో కూర. పై పొర పల్చగా ఉండాలి, సోడా పోసి బూరెలా పొంగించకూడదు.

అసలు చిక్కు పావ్ దగ్గర. ఇక్కడే నూటికి తొంభై మంది బోల్తా పడతారు, అందుకే నిదానంగా చదవండి.

ముంబైలో వాడేది లాదీ పావ్. పిండి ఉండల్ని ట్రేలో ఒకదానికొకటి ఆనించి కాలుస్తారు, అన్నీ అతుక్కుని ఒకే పలకలా వస్తాయి, అమ్మేటప్పుడు తుంచి ఇస్తారు. అందుకని పావ్‌కి పైభాగం మాత్రమే గోధుమరంగులో ఉంటుంది. పక్కలు తెల్లగా, తుంచిన చోట పీచుపీచుగా ఉంటాయి. మన బేకరీల్లో టీలో ముంచుకునే బన్ను విడిగా కాలుతుంది, చుట్టూ నున్నగా ఎర్రగా తోలు కట్టి, పైన మెరుపు ఉంటుంది. కాబట్టి బండి దగ్గరకెళ్ళగానే మూకుడు చూడకండి, పావ్ పెట్టిన చోటు చూడండి. పలకలు పలకలుగా ఉన్నాయా, విడి బన్నులు కవర్లో ఉన్నాయా? విడివి ఉంటే అక్కడే వెనక్కి తిరగొచ్చు.

పలక కనబడినా తొందరపడొద్దు. ఆకారం లాదీ పావ్‌దే ఉండి లోపల పంచదార దట్టించినవీ ఉంటాయి. కంటికి తెలీదు. అందుకే ముందు ఉత్తి పావ్ ఒకటి అడగండి. "గురూ, ఒక పావ్ ఉత్తిదే ఇవ్వు, వడ తర్వాత." అతను వింతగా చూస్తాడు. "ఉత్తిదేంటి సార్, బటర్ రాసి కాల్చిస్తాను" అంటాడు. వద్దనండి, గట్టిగా వద్దనండి. బటర్ పడిందంటే పంచదార కూడా దాని చాటున దాక్కుంటుంది. ఓ ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, నమలకుండా కాసేపు ఉంచండి. తీపి లేకుండా కాస్త ఉప్పగా అనిపిస్తే మంచి పావ్. కేకులా తీపి తగిలితే డబ్బులిచ్చేసి, పావ్ పక్కన కుక్కకి వేసి వచ్చేయండి. తర్వాత వేలితో మధ్యలో నొక్కండి. మెల్లగా పైకి లేవాలి. నొక్కిన గుంట అలాగే ఉండిపోయినా, పొడి రాలినా నిన్నటిది.

పెనం మీద కాల్చడం గురించి నాతో వాదించేవాళ్ళు చాలామంది. పావ్ భాజీకి కాల్చండి, కాదనను. వడాపావ్‌లో పావ్ మెత్తగా ఉండాలి, కరకర అంతా వడది. రెండూ కరకరలాడితే అంగిలి గీసుకుపోవడం తప్ప ఏమీ మిగలదు.

వడ బ్రహ్మాండంగా ఉండి పావ్ ఒక్కటే చెడిన బండి దొరికిందనుకోండి, వదలొద్దు. పావ్ భాజీ బండ్లకి సరఫరా చేసే బేకరీ ఏదో కనుక్కుని, ఆ పూట కాల్చిన పలక ఒకటి కొని, మీ పావ్ మీరే పట్టుకెళ్ళండి. మొదటిరోజు నవ్వుతారు, రెండోసారికి వాళ్ళే "పావ్ తెచ్చారా సార్" అంటారు. నాకు తెలిసి ఇంతకంటే నమ్మకమైన దారి ఈ ఊళ్ళో లేదు.

ఇక చట్నీ. ఎర్రటి పొడి వెల్లుల్లి చట్నీ లేకపోతే అది వడాపావ్ కాదు, చర్చ లేదు. వెల్లుల్లి, ఎండుకొబ్బరి, ఎండుమిర్చి బరకగా దంచింది. మూకుట్లో తేలిన శనగపిండి పలుకులు, అదే చూరా, కూడా నలిపి కలుపుతారు. దాదర్‌లో కీర్తి కాలేజీ దగ్గరి బండికి ఆ చూరా వల్లే అంత పేరు. మన ఉక్కపోతకి పొడి గడ్డకడుతుంది, దానికి తిట్టకండి, పొడి స్పూనుతో విదిలించమనండి. నూనె పోసి ముద్ద చేసి ఇస్తే మాత్రం వద్దనండి. పచ్చ చట్నీ పల్చగా ఒక పూత. తియ్యటి చింతపండు చట్నీ ముంబైలోనూ వేస్తారని ఎవరైనా అంటారు, వేస్తారు, మీరు వేయించుకోకండి. పక్కన ఉప్పు చల్లిన వేయించిన పచ్చిమిర్చి అడిగి తీసుకోండి. మిరపకాయ బజ్జీ ఇచ్చి సర్దిపెట్టాలని చూస్తారు, అది వేరే సంగతి.

డెలివరీ పెట్టుకోవద్దు. డబ్బాలో ఆవిరికి వడ పొర మెత్తబడి పావ్‌కి అంటుకుపోతుంది. ఇంటికి తీసుకెళ్ళక తప్పకపోతే వడ, పావ్, పొడి మూడూ వేర్వేరుగా కాగితాల్లో కట్టించండి. ఇంటికెళ్ళాక పెనం మీద వడని మాత్రం వేడి చేయండి, పావ్‌ని ముట్టుకోకండి, ఓవెన్ అసలు వద్దు.