జింక వేటకు ముందు: బాణం మొన జాగ్రత్తలు

– అమెరికాలో వైట్‌టెయిల్ జింక వేటకు మొన కొనేముందు మీ రాష్ట్రం ఈ ఏటి నిబంధనలు చదవండి. మెకానికల్ మొనలపై (తగిలినప్పుడు బ్లేడ్లు విచ్చుకునేవి) ఆంక్షలు ఉండొచ్చు. (ఇండియాలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద జింక వేటే నేరం.)

– విల్లు లాగే బరువు 50 పౌండ్ల లోపా? ఫిక్స్‌డ్ మొన (బ్లేడ్లు కదలకుండా ఉండేది) తీసుకోండి. మెకానికల్ బ్లేడ్లు విచ్చుకోవడానికే కొంత శక్తి పోతుంది, బాణం లోతుగా దిగదు. జింక గాయంతో గంటల తరబడి నరకయాతన పడుతుంది, అది మాత్రం జరగకూడదు.

– ఫిక్స్‌డ్ బ్లేడు గాలిని పట్టేస్తుంది. విల్లు ట్యూనింగ్‌లో (బాణం నేరుగా వెళ్లేలా విల్లును సరిచేయడంలో) చిన్న తేడా ఉన్నా బాణం పక్కకి పోతుంది. వేటాడే మొనతోనే 20, 30 గజాల నుంచి వేసి చూడండి.

– మెకానికల్ అయితే బ్లేడ్లను పట్టి ఉంచే రబ్బరు రింగును వేలితో తడమండి. పగులు తగిలితే మార్చేయండి.

– మొన బిగించడం రెంచ్‌తోనే, వట్టి చేత్తో వద్దు.